పండుగ పళ్లెంలో కూరకు పెద్దపీట

సంక్రాంతి దగ్గరపడిందంటే ఓపీలో నన్ను ఎక్కువమంది అడిగేది తిండి గురించే. ఈ చలికాలం మన కరీంనగర్ మార్కెట్ నిండా చిక్కుడుకాయ, మెంతికూర, పాలకూర, ముల్లంగి, గోబీపువ్వు, ఉల్లాకు. ఇంత లేతగా, ఇంత చవకగా ఇవన్నీ ఒక్కసారి దొరికే రోజులు ఏడాదిలో మళ్లీ రావు. పిండివంటల సందడిలో మాత్రం కూర పళ్లెం అంచుకు చేరిపోతుంది. ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఆ కూర గురించే.

ప్రశ్న: మా ఆయనకు 52 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. పండుగకు ఇంటినిండా సకినాలు, అరిసెలు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు, పెడితే షుగర్ పెరుగుతుంది. ఏం చెయ్యాలి డాక్టర్ గారూ?
– ఒక సోదరి, జగిత్యాల

జవాబు: పూర్తిగా వద్దనకండమ్మా. పళ్లెం సర్దే తీరు మార్చండి. సకినమంటే బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె. అన్నమూ బియ్యమే. రెండు సకినాలు తిన్న పూట ఒక గరిటె అన్నం తగ్గించండి. జొన్నరొట్టెకూ ఇదే లెక్క. అరిసె చిన్న ముక్క రుచి చూస్తే చాలు. బెల్లమైనా చక్కెరైనా షుగర్‌ను పెంచేవే.

ఇక పళ్లెంలో సగం కూరలుండాలి. పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాములు ఆకుకూరలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనం గరిటెడు కూరతో అన్నమంతా ముగిస్తున్నాం. చిక్కుడుకాయ టమాట వండండి. ఈనెలు తీసి తుంచుకుని, రెండు చెంచాల నూనెలో జీలకర్ర, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేయించి, కాయలు వేసి మూతపెట్టి సన్నమంట మీద మగ్గనివ్వండి. టమాట మెత్తబడ్డాక, దించేముందు వేయించిన నువ్వుల పొడి చల్లండి. ముందు కూర, పప్పు కాస్త తిన్నాక అన్నం మొదలుపెడితే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. ఎక్కువ తిన్నామని మాత్ర పెంచడం, పండుగ కదా అని మానేయడం రెండూ వద్దు.

ప్రశ్న: మా అత్తమ్మకు 70 ఏళ్లు. చిక్కుడు గింజలు, పచ్చి కందికాయలంటే ప్రాణం. తిన్న రాత్రి కడుపు ఉబ్బి నిద్రపోదు. మాన్పించాలా?
– ఒక కోడలు, పెద్దపల్లి

జవాబు: మాన్పించొద్దు, ఈ వయసులో ఆ మాంసకృత్తులు ఆమెకు అవసరం. గింజల్లోని కొన్ని చక్కెరలు చిన్నపేగులో అరగవు. పెద్దపేగుకు చేరాక సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి, గ్యాస్ పుడుతుంది. ఎండు గింజలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో వేళ్లతో నలిగేదాకా ఉడికించండి. సగం ఉడికిన చిక్కుడు గింజలు వాంతులు తెప్పించగలవు. కూరలో అల్లం, వాము వేయండి. రాత్రికి బదులు మధ్యాహ్నం, చిన్న గిన్నెడు పెట్టండి.

ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను. పండుగ భోజనం తర్వాత ఛాతీ పట్టేసినట్టుండి, చెమటలు పట్టినా, నొప్పి చేతికో దవడకో పాకినా గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకండి. అది గుండెపోటు కావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయండి.

ప్రశ్న: పాలకూర, టమాట కలిపి వండితే కిడ్నీలో రాళ్లు వస్తాయంటారు. నాకు ఒకసారి రాయి పడింది. రెండూ మానేశాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: టమాట తప్పేమీ లేదు, మళ్లీ తినండి. ఎక్కువమందిలో కనిపించేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. ఆక్సలేట్ పాలకూరలో చాలా ఎక్కువ, టమాటలో తక్కువ. మీకు ఒకసారి రాయి వచ్చింది కాబట్టి పాలకూర ఎప్పుడో ఒకసారి చాలు. అదీ నీళ్లలో ఉడికించి, వార్చి వండుకోండి, అదే భోజనంలో పెరుగు తినండి. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టుకుని బయటికి పంపేస్తుంది. రాయి భయంతో పాలు, పెరుగు మానేయడం పొరపాటు. మెంతికూర, గోబీపువ్వు, ముల్లంగి నిశ్చింతగా తినొచ్చు. చలికి దాహం వేయదు కనుక గుర్తుపెట్టుకుని నీళ్లు తాగండి. మూత్రం రోజుకు రెండున్నర లీటర్లు రావాలి.

ప్రశ్న: థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. గోబీపువ్వు, క్యాబేజీ ముట్టొద్దా?
– ఒక టీచర్, హుజూరాబాద్

జవాబు: వండుకుని మామూలు మోతాదులో తినండి. వాటిలో థైరాయిడ్‌కు అడ్డుపడే పదార్థాలు ఉడికితే చాలావరకు తగ్గుతాయి. అయోడిన్ ఉప్పు వాడుతూ, మాత్రను పరగడుపున వేసుకుని, అరగంట నుంచి గంట తర్వాత చాయ్ తాగండి.

ప్రశ్న: మా బిడ్డకు 14 ఏళ్లు. రక్తం 9.5 ఉందన్నారు. రోజూ ఆకుకూర పెడితే సరిపోతుందా?
– ఒక తల్లి, ఉట్నూరు

జవాబు: సరిపోదమ్మా. ఆ వయసు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేది కొంచెమే. అందుకే డాక్టరు చెప్పినన్నాళ్లు ఐరన్ మాత్రలు వాడాలి, కూర వాటికి తోడు. మెంతికూర పప్పు దించి కాస్త చల్లారాక నిమ్మకాయ పిండండి. ఆ విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. భోజనానికి గంట ముందు, గంట వెనక చాయ్ వద్దు. మీ ప్రాంతంలో, ముఖ్యంగా ఆదివాసీ కుటుంబాల్లో, రక్తం తగ్గించే సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది. దాని నిర్మూలనకు 2023 జూలైలో జాతీయ కార్యక్రమం మొదలైంది. ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ముందు ఆ పరీక్ష చేయించండి.

ఇంకొక్క సంగతి. పండుగనాడు అందరికీ వడ్డించి ఆడవాళ్లు చివర కూర్చుంటారు. అప్పటికి కూర గిన్నె అడుగంటుతుంది, మిగిలేది అన్నం, తొక్కు. రక్తం తక్కువున్న పిల్లలను, తల్లులను నేను రోజూ చూస్తున్నాను కాబట్టి అడుగుతున్నాను. ఈ సంక్రాంతికి కూర ఒక గిన్నె ఎక్కువ వండండి. బిడ్డతోపాటు మీరూ అందరితో కలిసి కూర్చోండి.