వేలు పెట్టి చూపించు

ఆనేకల్,
ఆదివారం పొద్దున

చిన్నపాపకి,

నువ్వు పెట్టిన వీడియో మీ చిన్నమ్మ తన ఫోన్లో చూపించింది. రెండుసార్లు చూసినాను. చలం ‘మైదానం’ గురించి ఒక నిమిషం మాట్లాడినావు. ఆ నిమిషంలో ‘అద్భుతం’ అనే మాట మూడుసార్లు వచ్చింది, ‘కాలం కంటే ముందున్న రచయిత’ ఒకసారి వచ్చింది, ఆఖర్న అయిదుకి నాలుగున్నర నక్షత్రాలు వేసినావు. ఆ అర నక్షత్రం ఎందుకు కోసినావో మాత్రం నాకు ఎంతకీ తట్టలేదు. పుస్తకం నువ్వు చదివే ఉంటావు, నాకు అనుమానం లేదు. 2025 ఆగస్టులో ఆ పసుపు లైను మెట్రో మొదలైనప్పటి నుంచి బొమ్మసంద్రలో ఎక్కి ఆర్.వి. రోడ్డులో దిగేదాకా పుస్తకం తెరిచి కూచుంటానని మీ నాయనతో చెప్పినావంట. 16 స్టేషన్లంటే తక్కువ తీరిక కాదు. చదివిన మనిషివి, చదవనివాళ్లు కూడా చెప్పగలిగే మాటలే చెప్పినావే అని నా దిగులు.

తిట్టడానికి రాస్తున్నాను అనుకోవద్దు. అదే పుస్తకం మీద నోరు పారేసుకున్న చరిత్ర నాకే ఉంది. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఏట, ఒక గ్రంథాలయంలో సాయంత్రం పూట పదిమంది కూడేవాళ్లు. నన్నూ మాట్లాడమన్నారు. లేచి, చలం ఆడపిల్లల్ని చెడగొట్టినాడని పది నిమిషాలు దంచినాను. చప్పట్లు కూడా పడినాయి. వెనక వరసలో హోసూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చెయ్యి ఎత్తి, మెల్లిగా అడిగినాడు: “అందులో కత ఎవురు చెబుతారప్పా?” చలమే కదా అన్నాను. ఆయన నవ్వలేదు. “రాజేశ్వరి చెబుతుంది. తన కత తానే చెప్పుకుంటుంది” అని కూచున్నాడు. అంతే. నాకు చెవులు కాలినాయి. వకీలు మొగుణ్ణి వదిలి అమీర్ వెంట వెళ్లిపోయిన ఆడమనిషి తన నోటితో ‘నేను’ అని చెప్పుకోవడం, అదీ 1927లో, ఊరంతా ఎందుకు కోపపడిందో ఆ ఒక్క సంగతిలో ఉంది. పది నిమిషాల నా ప్రసంగంలో అది లేదు, ఎందుకంటే పుస్తకం నేను తెరవనే లేదు. అరుగు మీద ఇద్దరు ముసలివాళ్లు తిట్టుకుంటుంటే విని, వాళ్ల కోపాన్ని నా అభిప్రాయం అనుకున్నాను. నేను తిట్టినాను, నువ్వు పొగిడినావు, తేడా అంతే. ఆ పెద్దాయన నిన్ను అడిగినా అదే అడిగి ఉండును.

మా సావుకారు సంగతి నీకు చెప్పినానో లేదో. మగ్గం మీద నుంచి కోసిన చీర తీసుకుపోతే ఆయన ముందు తట్టు చూసేవాడే కాదు. మడత విప్పి, తిరగేసి, కిటికీ వెలుతురుకి పట్టి, బుటా వెనక జరీ పోగులు ఎట్లా సాగినాయో చూసేవాడు. బాగుంది అనడు, బాగాలేదు అనడు. ఒకచోట బొటనవేలు ఆనించి, “ఇక్కడ” అనేవాడు. వంగి చూస్తే పేకలో ఒక పోగు తప్పి ఉంటుంది. ఒక్కోసారి అదే వేలు అంచు మీద పెట్టి “ఇక్కడ” అనేవాడు, మొహం మాత్రం వేరేగా ఉండేది. ఆ రోజు కూలి లెక్క ఎట్లా ఉన్నా నాకు అన్నం సయించేది. ఆ మనిషి నక్షత్రాలు వేసి ఉంటే మేం ఎవరమూ నేత నేర్చుకునేవాళ్లం కాదు.

నువ్వు కూడా అట్లా వేలు పెట్టు. మెట్రోలో యాడ పుస్తకం మూసి కిటికీ బయటికి చూసినావో ఆ చోటు చెప్పు. యాడ విసుగు పుట్టి పేజీలు తిప్పినావో అదీ చెప్పు, సిగ్గేం లేదు. గొప్ప పుస్తకాల్లో కూడా విసుగు పుట్టే పేజీలు ఉంటాయి. నాకు ‘చివరకు మిగిలేది’లో చాలా ఉన్నాయి, అయినా బుచ్చిబాబు అంటే ప్రాణం. కథేమిటో ఇప్పుడు అడిగితే ఫోనే చెబుతుంది. మా కాలంలో చదవకుండా మాట్లాడేవాళ్లకి ముందుమాట ఒక్కటే దిక్కు. సుళువు పెరిగింది గానీ జాతి అదే. అన్నింటి మీదా అభిప్రాయం ఉన్న గిరీశం 1892 నుంచే మనకి ఉన్నాడు, పాపం ఆయనకి ఫోను లేదు.

ఇంకో మాట. ఇది నీకే చెప్పగలను, హైదరాబాదు పిల్లలకి చెప్పలేను. నేను చదివింది కన్నడ బడిలో. తెలుగు ఇంట్లో మాట్లాడేదే గానీ రాయడం, చదవడం ఎవరూ నేర్పలేదు. నేర్పింది చందమామ. 1947 జులైలో మద్రాసులో తెలుగు, తమిళాల్లో మొదలైన పత్రిక, రెండేళ్లకి కన్నడంలోనూ వచ్చింది. బడిలో కన్నడ చందమామ దొరికేది. మా మేనత్త ఇంట్లో తెలుగు సంచికలు ఉండేవి. రెండూ పక్కపక్కన పెట్టుకునేవాణ్ణి. అదే చెట్టు, అదే శవం, అదే విక్రమార్కుడు, శంకర్ వేసిన అదే బొమ్మ. బొమ్మ ఒకటే కాబట్టి కింద ఉన్న మాటా ఒకటే అయ్యుండాలి కదా! మన ‘క’ వాళ్ల ‘క’ అన్నదమ్ములే, తలకట్టు దగ్గర మాత్రం వాళ్లు అడ్డంగా గీత పెడతారు, మనం టిక్కు కొడతాం. అట్లా తలకట్టు మీద వేలు పెట్టుకుంటూ పోయి ఒక ఎండాకాలం సెలవుల్లో తెలుగు పట్టేసినాను. ఆ కథల్ని తీర్చి దిద్దింది కొడవటిగంటి కుటుంబరావు అని చాలా ఏళ్లకి తెలిసింది.

ఆ రెండు కళ్లూ నీకు పుట్టుకతో ఉన్నాయి. ‘కాంతార’ 2022లో వచ్చినప్పుడు నువ్వు కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చూసినావు. చూసొచ్చి మా ఇంట్లో అన్నం తింటూ, యాడ మాట మారిందో, యాడ నవ్వు పోయిందో, తుళు మాట వచ్చేచోట పక్క సీట్లో వాళ్లు ఏమన్నారో చెప్పినావు, చెయ్యి ఎండిపోయేదాకా. మీ చిన్నమ్మ చారు వడ్డించడం మరిచిపోయి వినింది. ఆ సినిమా మీద పెట్టిన వీడియోలో మాత్రం ‘గూస్‌బంప్స్’ అన్నావు. ఆ అన్నం కాడి మాటలు ఏమైపోయినాయి పాపా?

భాష కూడా అంతే. వీడియోలో టీవీ యాంకరమ్మ తెలుగు మాట్లాడుతున్నావు. మనది మొరసునాడు. మన ‘ఉండాది’, ‘వస్తా ఉండా’ విని ఎవరన్నా నవ్వుతారని భయమేమో. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ చిత్తూరు పల్లె మాటతోనే రాస్తే జనం ఎగబడి చదివినారు. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడినాడు, ఏ యాసలో పాడినాడని భజనలో ఎవరూ అడగరు. నీకు ఎట్లా నోరు తిరిగితే అట్లా చెప్పు. వినేవాళ్లు తగ్గితే తగ్గుతారు. తగ్గరనే నా నమ్మకం, అయినా ఫోన్ల వ్యాపారం నాకేం తెలుసు.

మీ నాయన చేత ఒక పుస్తకం పంపుతున్నాను, ‘మరల సేద్యానికి’. శివరామ కారంత ‘మరళి మణ్ణిగె’కి తిరుమల రామచంద్ర చేసిన తెలుగు. కన్నడం మీ ఇంట్లోనే ఉంది, అటక మీద నీలం ట్రంకులో చూడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక్క పేజీ చదువు, ఎక్కువొద్దు. సముద్రం పక్కనున్న ఆ కన్నడ పల్లె తెలుగులోకి వచ్చేటప్పటికి ఏం తెచ్చుకుందో, ఏం వదిలి వచ్చిందో చూడు. నాకు ఒకచోట అనుమానం ఉంది, చెప్పను. నువ్వూ అక్కడే ఆగుతావేమో చూడాలి.

అట్ట ఊడిపోతే జరీ దారంతోనే కుట్టినాను, చింపొద్దు. నలభయ్యో పేజీ మీద కాఫీ మరక మీ చిన్నమ్మది. నాది అంటుంది, నమ్మవద్దు.

మీ చిన్నాయన