దాడి వెనుకనున్న బలము



గోదావరిఖనిలో రెండవ షిఫ్టు దిగి వచ్చిన ఒక తండ్రి కొన్నాళ్ల క్రిందట నాతో, “అయ్యగారూ, మా పోరడు పొద్దుమాపు కంప్యూటర్ల యుద్ధం చేస్తుండు. అండ్ల ఏమున్నదో జర చూడుండ్రి” అనెను. వెళ్లి చూచితిని. ఆ యాట ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ భాగము. 1999లో వెలువడి, 2019లో క్రొత్త రూపము దాల్చినది. 2022లో ద్రావిడులు మొదలగు మన దేశపు జనములును ఇందులో చేర్చబడిరి.

ఇందులో వంతులు లేవు. ఇరుపక్షములవారు ఒకేసారి ఆడుదురు. పనివారు ఆహారము, కలప, బంగారము, రాయి కూర్చగా వాటితో సైన్యము తయారగును. ఆ చిన్నవాడు పదిమంది విలుకాండ్రతో శత్రువు పొలములమీద పడి నలుగురు పనివారిని చంపెను. చూచువారు చప్పట్లు కొట్టిరి. అయినను అరగంట గడువకముందే అతడే ఓడిపోయెను. “గెలిచే ఆట ఎట్ల పోయింది?” అని తండ్రి అడిగెను. ఈ ప్రశ్నయే మన పాఠము.

1. పనివారిని తయారుచేయుట ఆపకూడదు.

ఒక పనివానికి 50 పాళ్ల ఆహారము, 25 సెకండ్ల కాలము పట్టును. చిన్నవాని కన్నులు యుద్ధముమీదనే యుండగా అతని టౌన్ సెంటర్ రెండు నిమిషములకు పైగా ఊరకుండెను. అనగా అయిదుగురు పనివారు రాకపోయిరి. అతడు చంపినది నలుగురిని, పోగొట్టుకొన్నది అయిదుగురిని! దాడి చేసినవాడే నష్టపడెను. కావున కొన్ని క్షణములకొకసారి యుద్ధము విడిచి ఇంటివైపు చూడవలెను.

2. ఖర్చు ముందుగా లెక్కించవలెను.

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనునను ఉపమానము మనమెరిగినదే. ఒక విలుకానికి 25 కలప, 45 బంగారము, సుమారు 35 సెకండ్లు పట్టును. రెండు శాలలు ఎడతెగక నడువవలెనన్న, ప్రతి 35 సెకండ్లకు 50 కలప, 90 బంగారము కావలెను. ఇందుకు బంగారముమీద సుమారు ఏడుగురు, కలపమీద నలుగురు ఉండవలెను. క్రొత్త పనివారి ఆహారమునకు ఆరుగురు వేరుగా కావలెను. 25 కలపతో కట్టు ఇల్లు అయిదుగురికి మాత్రమే చోటిచ్చును. ఇల్లు లేనియెడల ధనమున్నను మనుష్యుడు రాడు. ఆ దినమున చిన్నవాని కలప కుప్పపడియుండెను, ఇల్లు మాత్రము లేకపోయెను.

3. క్రొత్తవారు కలిసి చేరవలెను.

తయారైన వారిని ఒక్కొక్కరినిగా శత్రువు మధ్యకు పంపినయెడల ఒక్కొక్కరే చత్తురు. రంగమునకు సమీపమున క్షేమమైన చోట వారిని కూడనిచ్చి, పిమ్మట కదలించవలెను.

4. ఒత్తిడి యనగా చంపుట మాత్రమే కాదు.

శత్రువు యొక్క పనివారు భయపడి పొలము విడిచి దాగినయెడల, ఆ నిలిచిన పనియే మనకు లాభము. గనుక టౌన్ సెంటర్ బాణముల క్రిందికి దూరి ప్రాణములు పోగొట్టుకొనరాదు. వెనుకకు తగ్గి, కలప కొట్టు చోటునకో, బంగారపు గని యొద్దకో మరలవలెను. బ్రతికియున్న విలుకాడే బెదిరింపు. శత్రువు ఈటెలు విసరువారిని ఎక్కువగా దింపినయెడల విలుకాండ్రనే పెంచుట అవివేకము. గుఱ్ఱపు దండునైనను చేర్చవలెను, లేదా తగ్గి తరువాతి యుగమునకు ఎదగవలెను.

మన తెలంగాణ చరిత్రలోనే దీనికి సాక్ష్యము కలదు. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించి సుమారు ఎనిమిది నెలలు దాని యెదుట కూర్చుండెను. ఫిరంగులకు కొరతలేదు. అయితే కరవువలనను వానలవలనను ధాన్యము చాలక అతని దండు మిక్కిలి బాధపడెను. కోట గోడలను పేల్చుటకు త్రవ్విన సొరంగములు తన సైన్యమువైపే ప్రేలెను. తుదకు సెప్టెంబరులో, లంచము తీసికొన్నవారు లోపలినుండి ద్వారము తెరువగా కోట పడెను. అంతకాలము ఆ ముట్టడిని నిలిపినది ఫిరంగి మ్రోత కాదు, వెనుకనున్న విశాలమైన రాజ్యము.

ఇదంతయు విని ఆ తండ్రి నవ్వి కుమారునితో, “గంతేనారా? మా గనిల గూడ గదే. బెల్టు ఆగితే ఫేసుకాడ బొగ్గు కొట్టి ఏం లాభం? పైకప్పుకు దన్ను పెట్టకుంటె ముందుకెట్ల పోతం?” అనెను. కుమారుడు మొదటిసారి తండ్రివైపు తిరిగి, గనిలో ఆ పని ఎట్లు జరుగునని అడిగెను. ఆ రాత్రి కంప్యూటరు త్వరగానే ఆగెను. వారి మాటలు మాత్రము ఆగలేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మనము ఉత్సాహముతో ఆరంభించి నిలుపలేకపోయిన పని యేది? దాని వెనుక ఏ యేర్పాటు లోపించెను?

2. ముందు నిలుచువానిని అందరు చూతురు. వెనుకనుండి అందించువానిని మన యింటిలో ఎవరు చూచుచున్నారు?

3. మన పిల్లల ఆటను నిందించుటకు ముందు ఒక్క గంట వారి ప్రక్కన కూర్చుంటిమా?