అలసటను అడిగే ఆరు ప్రశ్నలు

చెల్లే, బొగ్గు బాయిల నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషిని "ఏమైంది, గట్లున్నవేంది?" అని అడుగుతే ఏమంటడు? "ఏంగాలె" అంటడు. గోదావరిఖని మార్కండేయ కాలనీల అడిగినా, యైటింక్లయిన్ కాలనీ క్వార్టర్లల అడిగినా ఇదే జవాబు. ఆ "ఏంగాలె" కింద ఎంత అలసట ఉన్నదో కొలిచే ప్రశ్నల కాగితాలున్నయి. ఇయ్యాల వాటి ముచ్చటే చెప్పుకుందాం.

పనిల పడి మనిషి లోపల్నుంచి ఎండిపోవుడుకు బర్నవుట్ అన్న పేరు పెట్టి 1974ల రాసినాయన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. న్యూయార్క్‌ల పేదలకు ఉచితంగ వైద్యం చేసే దవాఖానల పనిచేసేటోళ్లను చూసి రాసిండు. 1981ల క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ అనే ఇద్దరాడోళ్లు దాన్ని కొలిచేతందుకు 22 ప్రశ్నలు తయారుచేసిన్రు. నర్సులు, టీచర్లు, మనుషులతోటి పనిచేసేటోళ్ల కోసం చేసిన ప్రశ్నలవి. బొగ్గు ముందట నిలబడి పైకప్పుకు దన్నులు పెట్టే సపోర్ట్‌మెన్‌కు అండ్ల చానా ప్రశ్నలు అతకవు. 1996ల ఏ పనికైనా పనికొచ్చేటట్టు 16 ప్రశ్నలతోటి ఇంకోటి తెచ్చిన్రు.

నాకైతే 2005ల డెన్మార్కోళ్లు అచ్చేసిన కోపెన్‌హేగన్ పద్ధతి నచ్చింది. పైసలు కట్టేది లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. 19 ప్రశ్నలల్ల మొదటి ఆరు, కొలువు ఉన్నోళ్లకూ లేనోళ్లకూ సమానమే. అంటే ఆయన షిఫ్టు మారినప్పుడల్లా వంట పొద్దు మార్చుకొని, పగలు ఆయన పండుకుంటే పిల్లల నోరు మూయించుకుంట తిరిగే నువ్వు గూడ నింపొచ్చు. ఎన్నిసార్లు అలసట అనిపిస్తున్నది, ఒళ్లు ఎన్నిసార్లు చాతగాకుండ అయితున్నది, మనసు ఎన్నిసార్లు ఖాళీ అయితున్నది, ఇగ నాతోని కాదు అని ఎన్నిసార్లు అనిపిస్తున్నది, ఎన్నిసార్లు పూర్తిగ అరిగిపోయినట్టున్నది, జబ్బు పడతనేమో అన్నంత నీరసం ఎన్నిసార్లు వస్తున్నది. అడిగేది గింతే. ఎప్పుడూ అంటే 100, తరచుగ అంటే 75, అప్పుడప్పుడు అంటే 50, ఎప్పుడో ఒకసారి అంటే 25, అసలే లేదంటే 0. ఆరూ కూడి ఆరుతోటి భాగించాలె. మూడు "తరచుగ", రెండు "అప్పుడప్పుడు", ఒకటి "ఎప్పుడో" వచ్చిందనుకో, మొత్తం 350, సగటు 58. యాభై దాటితే అలసట గట్టిగనే ఉన్నదని చానామంది పరిశోధకులు లెక్కగడతరు.

గని ఆ నంబరు చూసి "నేను మెత్తటిదాన్ని, మా ఆయన మెత్తటోడు" అనుకోకే. బాయిల సర్దారు గాలి చూస్తడు కదా. మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు బంద్ చేసి, మనుషులను అక్కడ్నుంచి బయటికి తెస్తరు. గాలి సరిచేస్తరు. "నీ ఊపిరితిత్తులు బలంగ లేవు, అందుకే రీడింగు పెరిగింది" అని ఏ సర్దారూ అనడు. ఈ నంబరును గూడ గట్లనే చూడాలె. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల బర్నవుట్‌ను జబ్బు అనలేదు. పనిచోట ఒత్తిడిని సరిగ్గ సంభాళించకపోతే వచ్చేది అన్నది. అంటే ముందు చూడాల్సింది పనిని.

ఇగ అసలు కష్టమైన సంగతికి వస్త. సింగరేణిల "అన్‌ఫిట్" అన్న మాట ఎంత బరువుదో నీకు నేను చెప్పాల్నా? మెడికల్ బోర్డు ఆ మాట రాస్తే తండ్రి కొలువు పోతది, కొడుకుకో బిడ్డకో కారుణ్య నియామకం వచ్చే దారి తెరుచుకుంటది. అసొంటి చోట పేరు, ఎంప్లాయి నంబరు రాయించుకొని "నీకు అలసట ఉన్నదా" అని అడుగుతే నిజం ఎవరు రాస్తరు? కొలువు కావాలనుకునేటోడు తక్కువ రాస్తడు, బోర్డుకు పోవాలనుకునేటోడు ఎక్కువ రాస్తడు. అందుకే ఈ కాగితం మీద పేరు ఉండొద్దు, సర్వీసు ఫైలుకు పోవద్దు. నా మాట గట్టిగనే చెప్తున్న. మనిషికి ముద్ర వేసేతందుకు కాదు, గుంపును చూసేతందుకే ఇవి పనికొస్తయి. నైట్ షిఫ్టోళ్ల సగటు ఎంత, మొదటి షిఫ్టోళ్లది ఎంత? అండర్‌గ్రౌండు ఎట్లున్నది, ఓపెన్‌కాస్టు ఎట్లున్నది? ప్లేడేలు, అంటే సెలవు రోజు డ్యూటీలు, వరుసగ చేసినోళ్లది ఎంత? మట్టి తీసే కాంట్రాక్టు డ్రైవర్లను గూడ అడగాలె. వాళ్లను వదిలేస్తే ఆ లెక్క సగమే.

ఇంకొకటి. ఈ ప్రశ్నలల్ల భయం గురించి లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ బాయిల నీళ్లు ముంచి 17 మంది పోయిన్రు. ఆ తర్వాత గూడ మన మనుషులు బాయిలు దిగుతనే ఉన్నరు. పైకప్పు చప్పుడు వినుకుంట ఎనిమిది గంటలు పనిచేసినోని అలసటను ఈ కాగితం పూర్తిగ పట్టుకోదు. మన బాయిల కోసం ప్రశ్నలు రాస్తే, కార్మికులను కూసోబెట్టుకొని రాయాలె.

కార్మికులకు ఎప్పటికప్పుడు చేసే వైద్య పరీక్ష పీఎంఈల ఛాతీ ఎక్స్‌రే తీస్తరు, చూపు చూస్తరు, చెవులు చూస్తరు. అలసట గూడ అడగాలని యూనియన్ గేట్ మీటింగుల ఎవరన్న ఒకరు లేచి అడగాలె. పేర్లు లేకుండ అడగాలని, వచ్చిన లెక్కను బట్టి షిఫ్టులు సవరించాలని గూడ అనాలె. మీ ఆయనతోటి ఈ మాట ఈ వారమే అను.

నువ్వు ముందు ఆ ఆరు ప్రశ్నలు నింపుకో చెల్లే. నంబరు ఎంతొచ్చినా సరే, నిద్ర పట్టక, ఏడుపు ఆగక, బతుకు మీదనే విరక్తి వస్తున్నదంటే అది ఒట్టి అలసట కాదు. అప్పుడు ఆగకుండ 14416కు ఫోన్ చెయ్. సర్కారోళ్ల టెలిమానస్ హెల్ప్‌లైన్ అది, పైసల్ పడయి, తెలుగుల మాట్లాడతరు.