సైకిలు చక్రము మార్చునపుడు తెలిసికొనవలసిన విషయములు

పాలను కేంద్రమునకు చేర్చుటకును, కూరగాయలను సంతకు కొనిపోవుటకును నేటికిని సైకిలునే నమ్ముకొన్న రైతులు మనలో పలువురు గలరు. దీనికి పెట్రోలు ఖర్చు లేదు. కాని త్రోవలో చక్రము చెడినచో ఆ పూట పని చెడును. వేసవియైనచో పాలు విఱిగి ఆ పూట రాబడియే పోవును. అట్టి తొందరలో దుకాణమున తళతళలాడు చక్రముల జతను కొని, కొలది నెలలకే మరల దుకాణమునకు పోవుట పరిపాటియైనది. చక్రము బరువు నెట్లు మోయునో, ఏల చెడునో తెలిసినచో ఈ నష్టమును చాలవఱకు తప్పించుకొనవచ్చును.

చక్రము బరువు మోయు విధము

బండిచక్రమునకును సైకిలు చక్రమునకును గొప్ప భేదము కలదు. బండిచక్రమున ఇరుసు బరువు క్రిందనున్న కొయ్య ఆకులపై నిలుచును. అవి స్తంభములవలె దానిని మోయును. సైకిలు పుల్ల యన్ననో సన్నని ఉక్కుతీగ. నొక్కినచో వంగును, లాగినచో ఓర్చుకొనును. అందుచేత పుల్లలన్నిటిని ముందే బిగువుగా లాగి రిమ్మునకు కట్టెదరు. బరువు పడినపుడు నేలవైపు పుల్లల బిగువు కొంత తగ్గి, అవి పైకి పోగానే మునుపటివలె అగును. 28 అంగుళముల చక్రమున ఇది కిలోమీటరునకు సుమారు 450 మారులు జరుగును.

మొదటనే బిగువు చాలని పుల్ల ప్రతి చుట్టునందును పూర్తిగా వదులై మరల లాగబడును. తీగను పలుమారులు అటునిటు వంచినచో తెగునట్లే, అదియు కొంతకాలమునకు హబ్బువద్ద నున్న వంపులో తెగును. ఒకటి తెగిన తోడనే దాని భారము ప్రక్క పుల్లలపై పడును. కావున పుల్లలు తెగుటకు బరువొక్కటే కారణము కాదు. వాటిని వదులుగాను, అసమానమైన బిగువుతోను కట్టుటయే ముఖ్య కారణము.

క్రొత్తది కొనకముందు

చక్రము వంకర తిరిగినంత మాత్రమున క్రొత్తది కొననక్కఱలేదు. వంకర స్వల్పమైనచో నిపుళ్లను సవరించి బెండు తీయించిన చాలును. ఒకటి రెండు పుల్లలు తెగినచో వాటినే మార్పింపవలెను. చక్రమును ప్రక్కకు కదల్చినపుడు హబ్బువద్ద వదులు కనబడినచో కోనులను, ఉక్కు గుండ్లను పరీక్షింపించి కందెన పెట్టింపవలెను. రిమ్ము పుల్లల రంధ్రములవద్ద పగిలినను, తుప్పు తిని పలుచబడినను, గోతిలో పడి సరిచేయరానంతగా నొక్కుకొనిపోయినను, దానిని మార్చియే తీరవలెను.

అప్పుడైనను రెండు చక్రములును కొననవసరము లేదు. మనిషి బరువులో ఎక్కువ పాలును, క్యారియరుపైని మూటయు వెనుక చక్రముమీదనే పడును. తొక్కుడు బలము కూడ దాని హబ్బునుండియే రిమ్మునకు పోవలెను. ఆ బలమును అందించుటకై పుల్లలను ఏటవాలుగా కట్టు పద్ధతికి ఇంగ్లాండులోని కవెంట్రీ పట్టణమున జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు పొందెను. మన దేశపు నల్లని పెద్ద సైకిళ్లకు సాధారణముగా ముందు 32, వెనుక 40 పుల్లలుండుటకు ఈ భారభేదమే కారణము. కావున ఉన్న ధనమును ముందుగా వెనుక చక్రముపై వెచ్చించుట మేలు.

కొలతలు

టైరు ప్రక్కనున్న అంకెలను వ్రాసికొని పోవలెను. పాత చక్రమునే తీసికొనిపోవుట ఇంకను మంచిది. 26 అంగుళములదని చెప్పిన చాలదు. 26 × 1⅜ టైరు కూర్చుండు రిమ్ము కొలత 590 మిల్లీమీటర్లు. 26 × 1½ కు 584. 26 × 1.75 కు 559. పేరొక్కటే యైనను ఒకదాని టైరు మఱియొకదాని రిమ్మునకు పట్టదు. పెద్ద సైకిలు 28 × 1½ కు ఈ కొలత 635.

బ్రేకును కూడ చూడవలెను. కడ్డీ బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలితట్టున, అనగా హబ్బువైపున, ఒత్తుకొనును; తీగ బ్రేకు రబ్బర్లు సాధారణముగా రిమ్ము ప్రక్కలను పట్టును. ఒకదానికై చేసిన రిమ్ము రెండవదానికి తగినదగునో కాదో చూడక కొనరాదు. ఇరుసు లావును, ఫోర్కు వెడల్పును పాతదానితో సరిచూడవలెను. పాత ఫ్రీవీలు పండ్లు అరుగక యున్నచో దానినే క్రొత్త హబ్బునకు ఎక్కింపవచ్చును.

సరుకు నెంచుట

ఉక్కు రిమ్ము వెల తక్కువ. స్వల్పముగా నొక్కుకొన్నను పల్లెలోని మెకానిక్కు సరిచేయగలడు. కాని పూత లేచినచోట తుప్పు పట్టును. వానలో తడిసినపుడు బ్రేకు సరిగా పట్టదు. అల్యూమినియము రిమ్ము తేలిక. ఉక్కువలె తుప్పు పట్టదు. తడిలోను బ్రేకు మెఱుగుగా పట్టును. అయితే ఒంటిపొర గల పలుచని రిమ్ము పెద్ద బరువులకు తగదు; రెండు పొరలదానిని కోరవలెను. పుల్లలు 14 గేజి, అనగా 2 మిల్లీమీటర్ల లావైనను ఉండుట మంచిది. సముద్రపు గాలి తగులు గ్రామములవారు వెల కొంత హెచ్చైనను స్టెయిన్‌లెస్ పుల్లలనే వేయించుకొనుట లాభము.

కొనునపుడు చక్రమును త్రిప్పి రిమ్ము ఊగుచున్నదేమో చూడుడు. ఇరుసును వ్రేళ్లతో త్రిప్పుడు. గరగరలాడినను, పట్టిపట్టి తిరిగినను వలదనుడు. తరువాత ఒకే ప్రక్కనున్న పుల్లలను వరుసగా మీటుడు. ధ్వని ఇంచుమించు ఒక్కటిగా నున్నచో బిగువు సమముగా నున్నట్లు. ఒకటి మ్రోగి ఒకటి మూగవోయినచో ఆ చక్రమును మరల బిగింపవలసియున్నది. సిద్ధముగా అమ్మెడి చక్రములలో ఈ లోపము తఱచు. నేర్పరియైన మెకానిక్కునకు కూలి యిచ్చి బిగువు సరిచేయించిన సామాన్యపు చక్రము, సరిచేయని ఖరీదైన చక్రముకంటె ఎక్కువకాలము నిలుచును. వెలను మాత్రమే గాక మన్నికను కూడ లెక్కింపవలెను: వెల ఒకటిన్నర రెట్లై మూడేండ్లు నిలుచు చక్రము, ఏడాదికే చెడు చౌక చక్రములో సగము ఖర్చునకే వచ్చును.

అమర్చిన పిమ్మట

క్రొత్త పుల్లలు మొదట కొంత సర్దుకొని వదులగును. కావున రెండు వారములకు ఒకమారు మరల బిగువు చూపింపవలెను. టైరులో గాలి తక్కువైనచో గోతిలో రిమ్మే దెబ్బ తినును. నలుబది లీటర్ల పాలు ఒక్కటే 41 కిలోలు తూగును. క్యాన్ల బరువు వేఱు. ఆ బరువును రెండు ప్రక్కల సమముగా కట్టి, గోతులవద్ద దిగి నడిపించుట చక్రమునకును పాలకును క్షేమము.

మఱియొక మాట. ఒకే కొలత సైకిళ్లు గల సభ్యులు పదిమంది చేరి పుల్లలు, రిమ్ములు ఒకమారే తెప్పించుకొన్నచో వెల తగ్గించి అడుగ వీలగును. బిగువు సరిచూచిన వెనుక చక్రమొకటి సంఘ కార్యాలయమున సిద్ధముగా నుంచినచో, ఉదయము చక్రము విఱిగిన సభ్యుడు దానిని తగిలించుకొని పాలు సకాలమున చేర్చి, తన చక్రమును తొందరలేక బాగుచేయించుకొనగలడు. ఇట్టి చిన్న ఏర్పాటును ఏ సంఘమైనను తదుపరి సమావేశముననే చేసికొనవచ్చును.