చక్రం మోసే భారం

పాఠ్యభాగ ఉద్దేశం: యంత్రాన్ని వాడుకోవడమే కాక దాని ధర్మాన్ని గ్రహించే ఆసక్తిని విద్యార్థులలో పెంపొందించడం, తన శక్తికి గల హద్దును గుర్తించడం కూడా నేర్పులో భాగమేనని తెలియజేయడం.

కృష్ణానదీ తీరాన వెలసిన పంచనారసింహ క్షేత్రం వేదాద్రి. ఒకనాటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి చెందిన ఈ గ్రామం 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉంది. హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిపై జగ్గయ్యపేట, నందిగామల మీదుగా వచ్చే యాత్రికుల వాహనాలతో పర్వదినాలలో ఇక్కడి దారులు కిటకిటలాడుతాయి. వెనుకటి తరాల వారు ఎడ్లబండ్లలో సాగిన త్రోవలలో నేడు కార్లు, వ్యాన్లు పరుగులు తీస్తున్నాయి. బండి మారినా ఒక సత్యం మారలేదు. బండి భారమంతా చివరకు చేరేది చక్రం నడుమకే.

ఎడ్లబండి చక్రపు కుండ ఇరుసుపై రాచుకొంటూ తిరిగేది. ఆ రాపిడిని తగ్గించడానికి ఆముదంలో మసి కలిపిన కందెనను పూసేవారు. చక్రం ఊడకుండా ఇరుసు చివర కడచీల వేసేవారు. ఈ రాపిడికి మరొక ఉపాయం బేరింగు. రెండు ఉక్కు వలయాల మధ్య నున్నని గుండ్లను అమర్చితే, ఒరుసుకొనే కదలిక దొర్లే కదలికగా మారుతుంది. దొర్లే వస్తువుకు ఘర్షణ తక్కువ. వేల్స్ దేశస్థుడైన ఫిలిప్ వాన్ 1794లో గుర్రపు బండ్ల ఇరుసులకు ఇట్టి గుండ్ల అమరికపై పేటెంటు పొందాడు.

వేదాద్రిలోని ఒక రైతు కుటుంబానికి ఏడుగురు కూర్చొనే వ్యాను ఉంది. ఇంటిల్లిపాదీ నందిగామలో బంధువుల పెండ్లికి వెళ్లవలసిన వారం అది. జగ్గయ్యపేట నుండి తిరిగి వస్తుండగా, ముందు సీటులోని తాత ఉలిక్కిపడ్డాడు.

"అబ్బాయీ, చక్రం ఏడుస్తోందిరా. కందెన చాలలేదేమో చూడు" అన్నాడు.

వేగం పెరిగేకొద్దీ 'గుయ్'మనే మ్రోత హెచ్చుతోంది. బండి కుడివైపు మలుపు తిరిగినప్పుడు అది మరింత పెరిగింది. కుడివైపు తిరిగే బండిలో భారం ఎడమవైపుకు ఒరుగుతుంది. కనుక ముందరి ఎడమ చక్రంపై రైతుకు అనుమానం కలిగింది.

మరునాడు ఉదయం చదునైన నేలపై బండిని నిలిపి, వెనుక చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, ముందుభాగాన్ని జాకీతో లేపి, దాని క్రింద ఉక్కు స్టాండు నిలిపాడు. జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద చేయి పెట్టరాదు. చక్రాన్ని పైన, క్రింద పట్టి ఊపగా కొద్దిగా కదిలింది. ఇంటర్మీడియెట్ చదువుతున్న కుమార్తెను బ్రేకు తొక్కి పట్టమన్నాడు. ఇప్పుడు కదలిక ఆగిపోయింది. బ్రేకు తొక్కినా కదలిక నిలిచి ఉంటే దోషం బాల్ జాయింటులో ఉండవచ్చు, ఆగిపోతే బేరింగుదే. తాత చెవి పట్టిన దోషం చేతికి రుజువైంది. అయితే అది మూతలు బిగించిన బేరింగు. దానికి బయటినుండి కందెన పెట్టడం సాధ్యం కాదు, మార్చవలసిందే.

కుమార్తె బ్రేకు తొక్కగా ఇరుసు నట్టును వదులు చేశాడు. చక్రాన్ని తీసి, బ్రేకు కాలిపర్‌ను విప్పి తీగతో పైకి కట్టాడు. గొట్టంపై వ్రేలాడనిస్తే అది దెబ్బతిని బ్రేకులకే ముప్పు వస్తుంది. డిస్కును, వేగాన్ని గుర్తించే సెన్సరును తొలగించి, బేరింగు ఇమిడి ఉన్న నకిల్‌ను బయటకు తీశాడు. అంతవరకు పని సాఫీగా సాగింది. పాత బేరింగును కొట్టి, కొత్తదానిని సుత్తితోనే ఎక్కిద్దామని సుత్తి చేతబట్టాడు.

"వద్దు నాన్నా! ఆ దెబ్బ గుండ్లకు తగులుతుంది" అన్నది కుమార్తె.

ఆమె మాటలో శాస్త్రం ఉంది. నకిల్‌లోనికి బిగుతుగా వెళ్లవలసినది బేరింగు వెలుపలి వలయం. ఒత్తిడి దానిపైనే పడాలి. లోపలి వలయంపై కొడితే ఆ బలం గుండ్ల గుండా ప్రయాణించి, అద్దంవంటి ఉక్కుపై కంటికానని గుంటలు చేస్తుంది. కొద్దికాలానికే మ్రోత మళ్లీ మొదలవుతుంది. ఆపైన బేరింగు పూర్తిగా చెడితే చక్రం బిగుసుకొని పోవచ్చు, ఊడిపోనూవచ్చు. ఆ బండిలో కూర్చొనేది ఇంటిల్లిపాదీ.

రైతు కొంతసేపు మౌనం వహించాడు. అంతా తానే చేశానని చెప్పుకోవాలనే ముచ్చట ఒకవైపు, ఇంటివారి ప్రాణాలు మరొకవైపు. సుత్తిని పక్కనబెట్టి, నకిల్‌ను గోనెసంచిలో చుట్టుకొని జగ్గయ్యపేటలోని లేత్ దుకాణానికి బయలుదేరాడు. అక్కడ ప్రెస్సుపై హబ్బును వేరుచేసి, సర్‌క్లిప్పు తీసి, పాత బేరింగును నెట్టివేశారు. గూడు శుభ్రపరచి, కొత్త బేరింగును వెలుపలి వలయంపై ఒత్తిడితో ఎక్కించారు. సర్‌క్లిప్పు వేశాక, లోపలి వలయానికి అడుగున ఆధారమిచ్చి హబ్బును కూర్చారు.

ఇంటికి వచ్చి విప్పిన వరుసకు ఎదురు వరుసలో అన్నింటినీ బిగించాడు. ఇరుసుకు కొత్త నట్టు వేసి, చక్రంపై భారం పడకముందే, కుమార్తె బ్రేకు తొక్కగా, తయారీదారు పుస్తకంలో చెప్పిన కొలత మేరకు టార్క్ రెంచితో బిగించాడు. చక్రం అమర్చి, బండిని దింపి, చక్రపు నట్లను మరల సరిచూశాడు. బ్రేకు పెడలును నాలుగైదుసార్లు తొక్కి, అది గట్టిపడిన తరువాతనే బండిని కదిలించాడు.

పెండ్లినాడు నందిగామ దారిలో తాత కన్నులు మూసుకొని కొంతసేపు విన్నాడు.

"ఇప్పుడు చక్రం మాట్లాడటం లేదురా" అన్నాడు.

చక్రం మౌనంగా ఉండటమే బండికి క్షేమం.

అర్థాలు
కందెన = ఇరుసుకు పూసే జిడ్డు
కడచీల = చక్రం జారకుండా ఇరుసు చివర వేసే మేకు
ఘర్షణ = రాపిడి

ప్రశ్నలు
1. చెడినది ఎడమ చక్రపు బేరింగేనని రైతు ఎట్లు నిర్ధారించుకొన్నాడు?
2. కుమార్తె సుత్తిని వారించడానికి గల కారణాన్ని వివరించండి.
3. "తన హద్దును ఎరుగుట నేర్పులో భాగము" – పాఠం ఆధారంగా సమర్థించండి.