బిజినెస్ పార్కు విస్తరణ – వాననీటి లెక్క

వ్యాపార సంస్థల కార్యాలయాల కోసం ఒకేచోట కట్టిన భవన సముదాయాలను బిజినెస్ పార్కులంటారు. హైదరాబాదు మాదాపూరులో సైబర్ టవర్స్ 1998 నవంబరు 22న ప్రారంభమైంది. ఒక్క భవనంతో మొదలైన ఆ ప్రాంతం తరువాత ఎంత దూరం పాకిందో అందరికీ తెలిసిందే. ఇలాంటి పార్కులు మనలాంటి విద్యార్థులకు ఉద్యోగాలిస్తాయి. కనుక అవి వద్దనడం నా ఉద్దేశం కాదు. అయితే ఇళ్ళ పక్కనున్న పార్కును పెంచేటప్పుడు రోడ్ల గురించీ, కరెంటు గురించీ మాట్లాడినంతగా, దాని మీద పడిన వాన ఎటు పోతుందని ఎవరూ అడగరు. ఈ వ్యాసంలో ఆ ఒక్క లెక్కే చేసి చూద్దాం. హైస్కూలు గణితం చాలు.

వ్యవసాయం ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఒక సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పై చేను వాడు గట్టుకు గండి కొడితే కింది చేను మునుగుతుంది. అందుకే గట్ల దగ్గర అన్ని తగాదాలు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. దానికి సర్వే నంబర్లతో పనిలేదు.

పడిన వానలో ఎంత భాగం నేలమీదనే పారిపోతుందో చెప్పే సంఖ్యను పారుదల గుణకం అంటారు. అది నేల రకాన్నీ, వాలునూ బట్టి మారుతుంది. మామూలు సాగునేలకు సుమారు 0.3 అనుకుందాం. డాబాలకు, కాంక్రీటుకు, తారురోడ్డుకు సుమారు 0.9.

ఇప్పుడు పార్కు పక్కనే మెరకలో ఉన్న 10 ఎకరాల ఖాళీ చేలోకి పార్కును పెంచుతున్నారనుకోండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ 10 ఎకరాల మీద పడే నీరు సుమారు 20 లక్షల లీటర్లు. చేనుగా ఉన్నప్పుడు అందులో 6 లక్షల లీటర్లు కిందికి పారేవి. అంతా గచ్చు చేస్తే 18 లక్షల లీటర్లు పారతాయి. అంటే కింది కాలనీ మీదికి గంటలో 12 లక్షల లీటర్లు అదనం. పదివేల లీటర్ల ట్యాంకర్లయితే 120 ట్యాంకర్లన్నమాట!

ఈ నీటిని కాలనీలోని పాత మురికికాలువ మోయగలదా? గొట్టం వాలు మారకపోతే, మూడింతల నీటికి వ్యాసం సుమారు ఒకటిన్నర రెట్లు కావాలి. అంటే రెండడుగుల గొట్టం తీసి మూడడుగులది వెయ్యాలి. ఇళ్ళ మధ్య ఇరుకు సందులో అది తవ్వేదెవరు? ఆ ఖర్చు ఎవరిది? ప్లాను కాగితం పార్కు ప్రహరీగోడ దగ్గర ఆగిపోతుంది, నీరు ఆగదు. పైగా విస్తరణలో ఇంకో చిక్కుంది. మొదటి దశ కట్టినప్పుడు కాలనీని కాపాడింది పక్కనున్న ఖాళీ నేలే. రెండో దశ వచ్చేది సరిగ్గా దానిమీదనే.

ఇది కాగితం మీది భయం కాదు. 2022 సెప్టెంబరు మొదటివారంలో బెంగుళూరులో ఒక్కరోజులో 130 మిల్లీమీటర్లు దాటి వాన కురిసింది. బెళ్ళందూరు వైపు ఔటర్ రింగు రోడ్డు, దాని వెంట ఉన్న టెక్ పార్కులు, పక్క కాలనీలు మునిగాయి. కంప్యూటర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళారు. వాన ఎక్కువే, నిజమే. కానీ ఒక చెరువు నీటిని ఇంకో చెరువుకు చేర్చే రాజకాలువలు ఆక్రమణలతో ఇరుకైపోవడం కూడా ఆ ముంపుకు కారణమే.

మరి ఉపాయం లేదా? ఉంది. కాకతీయుల కాలం నుంచీ మనవాళ్ళు గొలుసుకట్టు చెరువులతో చేసిన పనే అది: నీటిని ఆపి, అలుగు మీదుగా నిదానంగా వదలడం. పై లెక్కలో అదనపు నీరు 1,200 ఘనపు మీటర్లు. రెండు మీటర్ల లోతు గుంట తవ్వితే దానికి కావలసింది 600 చదరపు మీటర్లు, అంటే సుమారు 15 సెంట్లు. పది ఎకరాల్లో పదిహేను సెంట్లు! వాన గంటతో ఆగకపోతే ఇంకొంత పెద్దది కావాలి. మళ్ళీ వాన వచ్చేలోగా అది ఖాళీ కావాలి. అయినా కోట్లు పెట్టి కట్టేవాళ్ళకి ఇది భారం కాదు.

20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు ముందస్తు పర్యావరణ అనుమతి ఉండాలని 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెప్పింది. అయితే అదే నోటిఫికేషన్ ఇలాంటి భవన నిర్మాణాలను ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. అంటే కింది కాలనీవాళ్ళను పిలిచి అడగాలన్న నిర్బంధం అందులో లేదు. కనుక వాళ్ళే ముందుకెళ్ళి అడగాలి. అడగాల్సినవి మూడే. వాలు ఎటు? గచ్చు ఎంత? నీరు ఆపే గుంట ఎక్కడ?

మిత్రులారా! మనలో కొందరు రేపు ఆ పార్కుల్లో ఉద్యోగాలు చేస్తారు, కొందరు ఆ కాలనీల్లో కాపురముంటారు, ఒకరిద్దరు ఆ ప్లానుల మీద సంతకాలు కూడా పెట్టవచ్చు. ఎవరం ఎక్కడున్నా, పునాది తియ్యకముందే ఈ లెక్క ఒక్కసారి వేసి చూద్దాం. గోడలు లేచాక గుంటకు చోటు దొరకదు.