సోడా కాఫీ: గ్యాస్ నీళ్లకే, డికాక్షన్‌కు కాదు

మే నెల మధ్యాహ్నం వేడి కాఫీ గొంతు దిగదు. చల్లటి సోడాలో అరకు కాఫీ డికాక్షన్, కాస్త అల్లం పాకం కలిపి తాగితే ప్రాణం లేచొస్తుంది. మా ఇంట్లో మూడు వేసవులుగా ఇదే చేసుకుంటున్నాం. సోడా మెషిన్ ఉంటే ఐదు నిమిషాల పని. కాకపోతే అందులో ఉన్నది ఒత్తిడితో బిగించిన గ్యాస్, పైగా పిల్లలు తిరిగే వంటిల్లు.

చేయకూడనివి

మెషిన్‌కు బిగించే సీసాలో మంచినీళ్లు తప్ప ఇంకేమీ పోయకండి. డికాక్షన్ వద్దు, పాకం వద్దు, నిమ్మరసం కూడా వద్దు. ఉత్త నీళ్లలో బుడగ పైకి రాగానే పగిలిపోతుంది. కాఫీలోని ప్రొటీన్లు బుడగ చుట్టూ పొరలా పట్టుకోవడంతో నురగ కట్టి పొంగుతుంది. ఆ నురగ, పాకంలోని చక్కెర కలిసి గ్యాస్ బయటికి పోయే సన్నటి దారిలో గట్టిపడితే, మరోసారి ఒత్తిడి ఎక్కువైనప్పుడు అది పోయేందుకు చోటుండదు. మొదటి వేసవిలో నేను చేసిన తప్పు ఇదే. సీసా విప్పగానే డికాక్షన్ మొహం మీదికి ఎగజిమ్మింది. చల్లటిది కాబట్టి కళ్లు మండి ఊరుకున్నాయి. పక్కనే మా చిన్నమ్మాయి నిలబడి ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మెషిన్‌కు బిగించే గ్యాస్ సిలిండర్‌ను ఎండలో, పొయ్యి పక్కన, ఆపి ఉంచిన కారులో వదిలేయకండి. లోపల కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా నిలవలేదు, వేడి పెరిగేకొద్దీ ఒత్తిడి ఎగబాకుతుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల ఎండలు 45 డిగ్రీలు దాటడం మనకు తెలుసు. సిలిండర్‌ను పడుకోబెట్టి కూడా వాడకండి. గ్యాస్‌కు బదులు ద్రవం చిమ్మి చర్మం గడ్డకట్టి కాలినట్లవుతుంది.

మెషిన్ లేదని మూత బిగించిన సీసాలో వంటసోడా, నిమ్మ ఉప్పు కలపకండి. డ్రై ఐస్ జోలికి అసలే పోవద్దు. మైనస్ 78 డిగ్రీల చలి అది. ముక్క గొంతులోకి జారితే లోపల కాలుతుంది, మూసిన సీసాలో వేస్తే సీసా పేలుతుంది. దుకాణంలో కొన్న సోడాతోనూ ఈ కాఫీ చక్కగా కుదురుతుంది.

సోడా సీసాను ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోకండి. కాఫీ, సోడా కలిపాక మూతపెట్టి గిలకొట్టకండి.

చేయవలసినవి

నీళ్లను రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. 25 డిగ్రీల నీళ్లలో కరిగే గ్యాస్‌కు దాదాపు రెట్టింపు 5 డిగ్రీల నీళ్లలో కరుగుతుంది. ఘాటు చాలలేదని మీట పదేపదే నొక్కాల్సిన పని ఉండదు. మెషిన్‌తో వచ్చిన సీసానే వాడండి, గీత వరకే నింపండి. సీసా మీద వేసిన గడువు తేదీ చూడండి. చల్లటి నీళ్లతోనే కడగండి, సన్నగీతలు పడితే పారేయండి.

మెషిన్ నుంచి గ్యాస్ కారుతూ బుస్సుమనే శబ్దం ఆగకపోతే ఏసీ ఆపి కిటికీలు తెరవండి. ఈ గ్యాస్‌కు వాసన లేదు, గాలికన్నా బరువు. మూసిన గదిలో నేలబారున పేరుకుంటుంది. అంటే నేలమీద ఆడుకునే పసిపిల్లలకే ముందు ప్రమాదం.

డికాక్షన్ పూర్తిగా చల్లారాలి. వేడిది ఐసున్న గాజు గ్లాసులో పోస్తే గ్లాసు చిట్లుతుంది. ముందు ఐసు, పాకం, సోడా. ఆఖర్న డికాక్షన్‌ను చెంచా వీపు మీదుగా సన్నటి ధారగా వదలండి.

రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టిన కాఫీ అయితే ఫ్రిజ్‌లోనే ఉంచి మూడు నాలుగు రోజుల్లో తాగేయండి. కాఫీలో నిమ్మరసానికున్నంత పులుపు లేదు. గాలి చొరకుండా మూసి బయట ఉంచితే బొటులినమ్ అనే విషం పుట్టే వీలుంది. 2017లో అమెరికాలో డెత్ విష్ అనే కాఫీ కంపెనీ నైట్రోజన్ నింపిన కోల్డ్ బ్రూ డబ్బాలను ఈ భయంతోనే వెనక్కి తెప్పించింది.

చల్లగా తియ్యగా ఉండటంతో ఎన్ని గ్లాసులు తాగామో తెలియదు. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ హద్దు, గర్భిణులకు 200. పిల్లలకు అల్లం సోడా చాలు. సోడాకు బదులు టానిక్ వాటర్ పోసేవాళ్లు అందులో క్వినైన్ ఉంటుందని గుర్తుంచుకోవాలి. గుండె లయకు మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా దాన్ని ముట్టుకోవద్దు.